తైబజార్ చిట్టీ మీద పేరుండదు

కోరుట్ల అంగడిలో కూరగాయలమ్మే ఒక అవ్వ తన సంచి అడుగునుంచి ప్లాస్టిక్ కవరొకటి తీసి నా చేతిలో పెట్టింది. అందులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు జిరాక్సు, వాటి కింద రబ్బరుబ్యాండు వేసిన చిన్న చిన్న చిట్టీల కట్ట. ఎన్నో ఏళ్ళ నాటి తైబజార్ చిట్టీలు. అంగడిలో గంప దించి కూచున్న జాగకు కిరాయి కింద గుత్తదారు మనిషికి కట్టిన పైసలకు రసీదులవి. "ఇవెందుకు దాచినవ్ అవ్వా?" అని అడిగాను. "ఎవలన్న లేవమంటె చూపియ్యద్దా బిడ్డా, నేను ఈడ్నే కూసున్ననని" అన్నది.

చిట్టీలు ఒక్కొక్కటే తిప్పి చూశాను. నెంబరుంది. రూపాయలున్నాయి. కొన్నిటి మీద తేదీ ఉంది, కొన్నిటి మీద అదీ లేదు. ఏ ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. అవి ఆమెవేనని చెప్పడానికి ఆమె దాచుకోవడం తప్ప వేరే సాక్ష్యం లేదు. వారంలో నాలుగూళ్ళ అంగళ్ళు తిరుగుతుంది కాబట్టి అవి నాలుగూళ్ళ చిట్టీలు. ఏది ఏ ఊరిదో కాయితం రంగు చూసి చెప్పింది. అక్షరం రాని మనిషి తన చరిత్రను రంగుల్లో గుర్తు పెట్టుకున్నది.

మా వైపు సంత అనరు, అంగడి అంటారు. వారానికొక రోజు ఊరి మధ్యనో, ఊరి బయటనో నేల మీద పరుచుకుని చీకటి పడేసరికి మాయమయ్యే బజారు. నాకు అంగడి తెలిసింది మా అమ్మమ్మ వల్ల. ఆమె ఎండుమిర్చి, చింతపండు, ఎల్లిగడ్డ అమ్మేది. ఇంట్లో అమ్మ, పిన్ని చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేసేవాళ్ళు. కంపెనీ ఇచ్చిన తునికాకులో చిల్లులు పోగా లెక్కకు సరిపోకపోతే, తక్కువబడ్డ ఆకు తమ పైసలు పెట్టి కొనుక్కోవాలి. ఆ ఆకూ అంగడిలోనే దొరికేది. అంటే కూలి చేయడానికి కూలిలోంచే ఖర్చు పెట్టాలి. ఆ లెక్క మా అమ్మ ఏ కాయితం మీదా రాసుకోలేదు. అమ్మమ్మ చిరుగంటి డబ్బులోంచి తీసుకోవడం, మళ్ళీ బీడీల పైసలు రాగానే ఇచ్చేయడం, అంతే.

అమ్మమ్మకు చదువు రాదు. కానీ ఆమె బతుకులో రెండుసార్లు లెక్కలు మొత్తంగా మారాయి. ఆమె వయసులో ఉన్నప్పుడు నిజాం హాలీ సిక్కా నడిచేది. ఆఖరి రోజుల్లో ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. 1959తో హాలీ సిక్కా పూర్తిగా పోయింది. 1956లో వచ్చిన చట్టంతో శేర్లు పోయి కిలోలొచ్చాయి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని చేతికి అలవాటైన కొలతను గ్రాములలోకి, ఏడింటి లెక్కను ఆరింటిలోకి, అణాలను నయా పైసలలోకి ఆమె ఎండలో కూచుని మార్చుకున్నది. దాన్ని మనం గణితం అనం. "ఆడోళ్ళకు లెక్కలెట్ల తెలుస్తయి" అనే మాట మాత్రం ఆమె ముందే చాలామంది అన్నారు, ఆమె దగ్గర మిర్చి కొంటూ.

అంగడిని చూసి రాయడం తెలుగు సాహిత్యంలో పాత పనే. వినుకొండ వల్లభరాయుని పేర ఉన్న 'క్రీడాభిరామం'లో మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులన్నీ ఒక రోజు తిరుగుతారు. రూకకు అన్నం పెట్టే పూటకూళ్ళ ఇల్లు అందులోనే కనిపిస్తుంది. కాకతీయుల నాటి జనజీవనానికి సురవరం ప్రతాపరెడ్డి తన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949)లో ఈ కావ్యాన్ని బాగా వాడుకున్నాడు. రాజుల పేర్లు కాక జనం ఏం తిన్నారు, ఏం కట్టారు అని అడిగిన ఆ పుస్తకానికి మనమంతా రుణపడి ఉన్నాం. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ ఇద్దరు మిత్రులకు బజారులోని స్త్రీలు చూడదగ్గ వింతల్లో ఒక వింత. నడిచేవాడు మగవాడు, చూసేవాడు మగవాడు. అమ్ముతూ కూచున్న స్త్రీకి ఆ ఇద్దరూ ఎలా కనిపించారు? సరుకు కొనకుండా పొద్దంతా తిరిగే ఇద్దరు మగవాళ్ళ గురించి ఆమె పక్క గంప ఆమెతో ఏమన్నది? ఆ మాట మనకు దొరకదు.

సాహిత్యంలో దొరకనిది దస్తావేజుల్లో దొరుకుతుందేమో అనుకుంటే అక్కడా అంతే. హైదరాబాద్ రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం 1930లో వచ్చింది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 1966 చట్టం. దళారుల మోసం నుంచి, తూకంలో దగా నుంచి రైతును కాపాడాలన్నవి మంచి ఉద్దేశాలే. ఆ చట్టాల నీడలోనే మార్కెట్ యార్డులు పెరిగాయి. మా జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు పంట ఎక్కువ. పసుపు కొమ్ము ఇంటికి రావాలంటే తవ్వాలి, ఏరాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి. ఈ పనుల్లో ఆడవాళ్ళ చేతులు పచ్చబడని ఇల్లు లేదు. కానీ యార్డులో తక్‌పట్టీ రాసేటప్పుడు రైతు పేరన్న చోట భర్త పేరో, కొడుకు పేరో పడుతుంది. భూమి అతని పేరు మీద ఉన్నది కదా! యార్డులో స్త్రీ కనిపించేది చెరిగేదగ్గర, ఊడ్చేదగ్గర, రాలిన గింజలు ఏరుకునేదగ్గర.

అంగడి దీనికి తిరగబడిన బొమ్మ. ఇక్కడ కూచున్నవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. ధర చెప్పేది వాళ్ళు, తగ్గించేది వాళ్ళు, కొసరు వేసేది వాళ్ళు, ఉద్దెర ఇవ్వాలో లేదో తేల్చేది వాళ్ళు. పైసలు కొంగున కట్టుకునేది కూడా వాళ్ళే. ఇంటికెళ్ళాక ఆ కొంగుముడి ఎవరి చేతికి పోతుందన్నది వేరే కథ. అయినా కొన్ని గంటలసేపు ఆ పైసలు ఆమెవి. యార్డుకు చట్టం ఉంది, గోడ ఉంది, రికార్డు ఉంది. అంగడికి రంగు చిట్టీ ఉంది.

అలాగని అంగడిని స్త్రీల రాజ్యంగా వర్ణించి మురిసిపోనక్కరలేదు. ఎవరు ఏం అమ్మాలన్నది చాలావరకు కులమే చెప్పింది. కుండలు ఒకరు, బుట్టలు ఒకరు, చేపలు ఒకరు. కూరగాయలమ్మే మాదిగ స్త్రీ దగ్గర వంకాయ కొన్నవాళ్ళే ఆమె వండి పెడితే కొనరు. చేతికి చెయ్యి తగలకుండా పైసలు పైనుంచి విడిచేవాళ్ళను మా అమ్మమ్మ పక్క గంప దగ్గరే నేను చూశాను. అమ్మమ్మ అది చూసి ఏమీ అనలేదన్నది కూడా రాయాలి. గంపలు పక్కపక్కనే ఉన్నా సద్దిమూటలు విడివిడిగానే విప్పేవాళ్ళు.

కోరుట్ల నుంచి జగిత్యాల దారిలో బస్సెక్కినప్పుడల్లా నాకు 1978 గుర్తొస్తుంది. ఆ ఏడు సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి పోవాలని, కూలి పెరగాలని, దొరలు ఆక్రమించిన భూములు వదలాలని పల్లెలు పట్నానికి నడిచొచ్చాయి. అదే సంవత్సరం అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దానికి వాడిన చట్టం 1948 నాటిది. ఐదుగురు అంతకుమించి గుమిగూడవద్దని ఆజ్ఞ ఉన్నచోట దాన్ని మీరితే, హెచ్చరించి కాల్పులు జరిపే అధికారం సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయి నుంచే ఇచ్చిన చట్టం. చరిత్ర పుస్తకాల్లో ఈ రెండు సంగతులూ ఉంటాయి. కానీ అంగడి అంటేనే గుమిగూడటం. ఐదుగురు కాదు, ఐదు వందలమంది. ఆ రోజుల్లో అంగడి ఎలా నడిచింది?

మా అమ్మమ్మను ఎప్పుడో ఒకసారి అడిగితే ఆమె చాలా మామూలుగా చెప్పింది: "మొగోళ్ళు ఊరు దాటాల్నంటె భయపడేటోళ్ళు. ఉప్పు, పప్పు ఆగుతదా? మేమే పోయినం. గంప నెత్తిన ఉంటె ఎవలు, ఎటు అని ఒక్కసారి అడిగి ఇడిసిపెడ్తుండె." అంతకుమించి చెప్పలేదు. నేనూ ఆ వయసులో అడగలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను స్త్రీశక్తి సంఘటన వాళ్ళు కలిసి, వాళ్ళ మాటల్లోనే వాళ్ళ అనుభవాలను 'మనకు తెలియని మన చరిత్ర'గా 1986లో తెచ్చారు. అది చదివినప్పుడు నాకు పోరాటం కంటే ముందు అమ్మమ్మే గుర్తొచ్చింది. అప్పటికామె ఉంది. పుస్తకం చదివి ఆవేశపడ్డ నేను పక్కగదిలో ఉన్న మనిషిని కూచోబెట్టి అడగలేకపోయాను. పోరాడిన స్త్రీలకు చరిత్ర ఉంటుందని నేర్చుకున్నాను గానీ, పోరాటం జరుగుతున్నన్నాళ్ళూ ఉప్పు తెచ్చిన స్త్రీలకు కూడా ఉంటుందని నాకప్పుడు తోచలేదు.

జగిత్యాలతో పాటే కల్లోలిత ప్రాంతమైన సిరిసిల్లకు తరువాత చాలాసార్లు వెళ్ళాను. మానేరు ఒడ్డున ఉన్న ఆ పట్టణం మరమగ్గాల ఊరు. మగ్గం మీద మగవాడు, కండెలు చుట్టేదగ్గర, బీడీల చాట దగ్గర ఆడవాళ్ళు. 1990ల చివరినుంచి 2000లలో ఆ ఊరు నేతకార్మికుల ఆత్మహత్యలతో పత్రికలకెక్కింది. 2017 నుంచి కొన్నేళ్ళు బతుకమ్మ చీరల ఆర్డర్లు మగ్గాలకు పని ఇచ్చాయి. ఈ రెండు వార్తల మధ్య ఇల్లు నడిపింది బీడీ. మగ్గం ఆగిన వారం అంగడిలో ఏం మారుతుందని ఒక కూరగాయలామెను అడిగితే, "పావుకిలోలు ఎక్కువైతయి" అన్నది. కిలో అడిగేవాళ్ళు అర్ధకిలో, అర్ధకిలో అడిగేవాళ్ళు పావు. సంక్షోభానికి ఇంత పొట్టి నిర్వచనం నేను ఏ నివేదికలోనూ చదవలేదు.

పేరు కాయితం మీదకు ఎక్కకపోతే ఏమవుతుందో బీడీ చేసే స్త్రీలకు బాగా తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2015 మార్చి నుంచి బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల భృతి ఇవ్వడం మొదలుపెట్టింది. 2019లో అది 2016 రూపాయలయింది. ఎందరికో ఆసరా అయిన పథకం. అయితే 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ నెంబరు ఉండాలని మొదట షరతు పెట్టారు. మా పిన్ని ముప్పై ఏళ్ళు బీడీలు చేసింది, కానీ మా అమ్మ కార్డు మీద. ఇద్దరి బీడీలు ఒకే పేరున కార్ఖానాకు పోయేవి. అమ్మకు భృతి వచ్చింది, పిన్నికి రాలేదు. వంగిపోయిన వెన్ను ఇద్దరిదీ ఒకటే.

ఇప్పుడు మళ్ళీ ఆ చిట్టీల కట్ట దగ్గరికి రావాలి. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. వ్యాపారుల సర్వే జరపాలని, ధ్రువపత్రం ఇవ్వాలని అందులో ఉంది. పట్టణ వ్యాపార కమిటీల్లో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, ఆ వ్యాపారుల్లో మూడోవంతు స్త్రీలు ఉండాలి. 50 ఏళ్ళకు పైగా నడుస్తున్న సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్ళను కదిలించవద్దని కూడా ఉంది. 2020లో కరోనా తరువాత వీధి వ్యాపారులకు మొదటి విడత 10,000 రూపాయల అప్పు ఇచ్చే పథకమూ వచ్చింది. ఇవన్నీ చిన్న విషయాలు కావు.

కానీ ఈ చట్టం పట్టణాలదే. వారంలో రెండు రోజులు మున్సిపాలిటీలో, రెండు రోజులు గ్రామపంచాయతీలో కూచునే అవ్వ ఏ లెక్కలోకి వస్తుంది? సర్వేకు వచ్చినవాళ్ళు వచ్చిన రోజున ఆమె వేరే ఊళ్ళో ఉంటే? యాభై ఏళ్ళ బజారని ఎవరు రుజువు చేయాలి, దేనితో? చిట్టీల మీద పేరు లేదు. గుత్తదారులు మారారు, వాళ్ళ పుస్తకాలు పోయాయి. మిగిలింది స్త్రీల జ్ఞాపకం. "మా అత్త ఈడ్నే కూసునేది, గా యాపచెట్టు చిన్నగున్నప్పుడు" అనే మాటను మనం మౌఖిక చరిత్ర అంటున్నాం, దాని మీద సెమినార్లు పెడుతున్నాం. ఆఫీసుకు వెళితే అదే మాట వట్టి కబురు. మనం రాసి పెడితే ఆ మాటకు కొంతైనా బరువొస్తుందేమో. అంగడిని షెడ్డు కిందికి మారుద్దామని ఎక్కడైనా అనుకున్నప్పుడు, మూత్రానికి వెళ్ళే చోటు ఉంటుందా అన్న ప్రశ్న కూడా ఆ స్త్రీలనుంచే రావాలి. పొద్దంతా నీళ్ళు తాగకుండా కూచునే అలవాటు ఎన్ని తరాలదో ఏ పుస్తకంలోనూ లేదు. మా అమ్మమ్మ చెంబెడు నీళ్ళు ఇంటికొచ్చాకే తాగేది. అది ఆమె స్వభావం అనుకునేవాళ్ళం.

ఆ రోజు పొద్దుగూకే వేళకు అవ్వ కవరు మడిచి సంచిలో పెట్టుకున్నది. లేచేముందు ఆమె పేరు అడిగాను. చెప్పింది, అత్తగారింట్లో మార్చిన పేరు వేరని, తల్లి పెట్టిన పేరు వేరని, రెండూ చెప్పింది. అంగడిలో మాత్రం ఊరి పేరుతోనే పిలుస్తారట. రెండు పేర్లూ నోటుబుక్కులో రాసుకున్నాను. అచ్చులో వేయమని ఆమె చెప్పలేదు కాబట్టి ఇక్కడ వేయడం లేదు. పైవారం మళ్ళీ పోతాను. ఈసారి యాపచెట్టు నుంచి మొదలుపెట్టి, ఏ జాగలో ఎవరు, వాళ్ళకు ముందు ఎవరు అని వరసగా రాసుకోవాలి. మీ ఊళ్ళల్లో కూడా అంగళ్ళు ఉన్నాయి కదా.