తిరుగలి రాళ్ళు – కోర్టు చుట్టలు: మధ్యయుగ ఇంగ్లండులో నిత్యజీవనం, వర్గ సంబంధాలు

ఉపోద్ఘాతం

మధ్యయుగ ఐరోపా సమాజాన్ని గురించి మన పాఠ్యగ్రంథాలన్నీ మొదట చెప్పేది మూడు శ్రేణుల సిద్ధాంతం. ప్రార్థించేవారు, పోరాడేవారు, శ్రమించేవారు అనే ఈ విభజనకు పదకొండో శతాబ్దపు తొలి దశకాల్లో ఉత్తర ఫ్రాన్సు ప్రాంతపు బిషప్పులు అడాల్బెరో, గెరార్డు స్పష్టమైన రూపమిచ్చారు. ఫ్రెంచి చరిత్రకారుడు జార్జ్ డ్యూబీ 1978లో వెలువరించిన గ్రంథంలో దీనిని ఉన్న సమాజానికి చిత్రణగా గాక, ఉండవలసిన సమాజాన్ని గురించిన ఊహగా పరిశీలించాడు. పైగా ఆ ఊహ చేసినవారు మొదటి శ్రేణికి చెందినవారే. మూడో శ్రేణివారు తమను గురించి తాము ఏమనుకున్నారో తెలిపే రాతలు దాదాపు లేవు. వారు దేనికోసం వ్యాజ్యమాడారు, దేనిని పగలగొట్టారు, దేనిని తగలబెట్టారు అన్నవి మాత్రం నమోదయ్యాయి. ఆ చర్యలనే ఆధారంగా చేసుకొని, లండనుకు ఉత్తరాన ఉన్న సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో 1274 నుంచి 1381 వరకు తిరుగలి రాళ్ళ చుట్టూ సాగిన వివాదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

‘విలెన్’ ఎవరు?

1086లో విలియం రాజు చేయించిన డూమ్స్‌డే సర్వేలో నమోదైన జనంలో దాదాపు పదో వంతు బానిసలు. సుమారు నలభై శాతం ‘విల్లానీ’, అంటే పల్లెవాసులు. తరువాతి శతాబ్దంలో బానిసత్వం క్రమంగా అంతరించింది. అయితే రాజు న్యాయస్థానాలు విస్తరించి, అక్కడ ఎవరు దావా వేయవచ్చునన్న ప్రశ్న తలెత్తినప్పుడు న్యాయవేత్తలు గీసిన గీతకు ఆవల ఈ పల్లెవాసులు మిగిలిపోయారు. భూమి విషయంలో ప్రభువుపై రాజు కోర్టుకు వెళ్ళే హక్కు లేనివాడు విలెన్. మన సినిమాల్లో ప్రతినాయకుణ్ణి పిలిచే ‘విలన్’ అనే మాట కూడా ఇక్కడి నుంచి వచ్చినదే. పల్లెవాడు అన్న అర్థం దుష్టుడు అన్న అర్థానికి జారిపోవడంలో ఆ మాటను వాడిన పై వర్గాల దృష్టి కనిపిస్తుంది.

విలెన్ తన కమతానికి బదులుగా వారానికి రెండు మూడు రోజులు ప్రభువు పొలంలో పనిచేయాలి. కోతల కాలంలో అదనపు దినాలు వేరు. కూతురి పెళ్ళికి ‘మెర్చెట్’ అనే రుసుము చెల్లించాలి. ఇంటి యజమాని చనిపోతే ఉన్నవాటిలో మేలైన పశువును ‘హెరియట్’ కింద ప్రభువు తోలుకుపోతాడు. ఈ వారపు పనిని తెలుగులో ‘వెట్టి’ అనడానికి మనసు ఒప్పుతుంది గాని, కొంత జాగ్రత్త అవసరం. విలెన్‌కు తరతరాలుగా వచ్చే కమతం ఉండేది. అతని బాధ్యతలు ఎంతవరకో మేనరు ఆచారం నిర్ణయించేది. ఎన్ని రోజుల పని, ఎవరి ఎడ్లతో, ఏ పూట భోజనం పెట్టాలి అనేవాటిపై మేనరు కోర్టులో వాదప్రతివాదాలు నడిచేవి.

ఈ కోర్టు వ్యవహారాలను తోలు పత్రాలపై రాసి చుట్టలుగా భద్రపరిచేవారు. హేల్సోవెన్ మేనరు చుట్టల ఆధారంగా జ్వీ రాజీ 1270–1400 మధ్య ఒక పారిష్‌లోని జననాలను, వివాహాలను, మరణాలను పునర్నిర్మించగలిగాడు. పల్లె జీవనానికి ఇంతటి ఆధారం మరొకటి లేదు. అయితే ఆ చుట్ట ఉన్నది చరిత్రకారుని కోసం కాదు. ఎవరెవరు విలెన్లో రుజువు చేయడానికి ప్రభువు దాచుకొన్న సాక్ష్యమది.

ఇల్లు, ఆహారం, పిండి

యార్క్‌షైరులో జనం విడిచిపోయిన వారమ్ పెర్సీ గ్రామంలో 1950 నుంచి నలభై ఏళ్ళపాటు జరిగిన తవ్వకాలు రైతు గృహాన్ని గురించిన మన అవగాహనను చాలావరకు మార్చాయి. సాధారణంగా ఆ కాలపు రైతు ఇల్లంటే కొయ్య చట్రం, తడికకు మట్టి మెత్తిన గోడలు, గడ్డి కప్పు, నడిమధ్యన పొయ్యి. పొగగొట్టం ఉండదు. తిండి బార్లీ, రై, ఓట్ల రొట్టె, బఠాణీలు, చిక్కుడు గింజలు వేసి కాచిన చిక్కని జావ, తాగడానికి ఏల్. ఏల్ కాచి అమ్మడం పద్నాలుగో శతాబ్దం మధ్య వరకు ప్రధానంగా స్త్రీల వ్యాపారం. కోర్టు చుట్టల్లో స్త్రీల పేర్లు తరచుగా కనబడే సందర్భాల్లో ఏల్ అమ్మకంపై జరిమానా ఒకటి.

గోధుమ దిగుబడి విత్తనానికి సుమారు నాలుగింతలు. అందులో ఒక వంతు మళ్ళీ విత్తనానికే పోవాలి. పదో వంతు చర్చికి. మిగిలిన గింజను పిండి చేయించుకోవాలంటే ప్రభువు మిల్లుకే పట్టుకెళ్ళాలి. అక్కడ పదహారో వంతు నుంచి ఇరవై నాలుగో వంతు వరకు, ఉత్తర ప్రాంతాల్లో పదమూడో వంతు వరకు గింజ రూపంలోనే సుంకం తీసేవారు. డూమ్స్‌డే నాటికే ఇంగ్లండులో దాదాపు ఆరు వేల మిల్లులున్నాయి.

మార్క్ బ్లాక్ 1935లో నీటి మిల్లుపై రాసిన వ్యాసంలో, ఈ యంత్రం వ్యాప్తికి ప్రభువుల బలప్రయోగం ఒక ముఖ్య కారణమన్నాడు. ఇంగ్లండు మిల్లులపై 1988లో గ్రంథం రాసిన రిచర్డ్ హోల్ట్ ఈ వాదాన్ని చాలావరకు సడలించాడు. అనేకచోట్ల ఇంటి తిరుగళ్ళను ప్రభువులు చూసీ చూడనట్లు వదిలేశారు, లేదా చిన్న రుసుముతో అనుమతించారు. హోల్ట్ చూపిన ఆధారాలు బలమైనవే. అయితే సెయింట్ ఆల్బన్స్ విషయంలో బ్లాక్ చెప్పినదే నిలుస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సెయింట్ ఆల్బన్స్ వివాదం

ఇక్కడ ప్రభువు ఒక మఠం. పట్టణవాసులు వర్తకులు, చేతివృత్తులవారు అయినప్పటికీ మఠాధిపతి వారిని స్వయంపాలన గల పురజనులుగా గుర్తించలేదు. గింజను విసరడానికీ, నేసిన గుడ్డను తొక్కించి గట్టిపరచడానికీ మఠపు మిల్లులకే రావాలన్నది అతని పట్టు. 1274లో పట్టణవాసులు ఉమ్మడి నిధి పోగుచేసుకొని వ్యాజ్యానికి దిగారు. ఆ దారిన వచ్చిన ఎలినార్ రాణికి స్త్రీలు మొరపెట్టుకొన్నారు. ఇంట్లో తిరుగలి విసిరేది స్త్రీలే గనుక ఇది గమనింపదగిన విషయం. వ్యాజ్యం ఓడిపోయింది. రెండో ఎడ్వర్డు పతనమవుతున్న గందరగోళంలో పట్టణం మఠాన్ని ముట్టడించి హక్కుపత్రం సంపాదించింది. ఎనభై ఇళ్ళలో తిరుగళ్ళు వెలిశాయి.

1327లో మఠాధిపతి అయిన వాలింగ్‌ఫోర్డు రిచర్డు వాటిని మళ్ళీ అణచివేశాడు. ఖగోళ గడియారాన్ని నిర్మించిన గణితవేత్తగా విజ్ఞానశాస్త్ర చరిత్రలో అతనికి గౌరవస్థానం ఉంది. పుట్టుకకు ఒక కమ్మరి కొడుకు. మూడు శ్రేణుల మధ్య గోడ ఎంత దుర్భేద్యమో, ఎక్కడ ద్వారముందో ఒకేసారి చెప్పగల జీవితమది. అతడు 1331లో ఇంటింటి తిరుగలి రాళ్ళను తెప్పించి, మఠంలోని సమావేశపు గదిలో నేలకు పరిపించాడు. రాళ్ళను పగలగొట్టించి పారేయించవచ్చు; అలా చేయలేదు. తమ ఓటమిపై ప్రభువు నడుస్తున్నాడన్న సంగతి పట్టణంలో యాభై ఏళ్ళపాటు అందరికీ తెలుసు.

ఆ యాభై ఏళ్ళలో 1348లో ప్లేగు వచ్చింది. దేశజనాభాలో మూడో వంతు నుంచి సగం వరకు తుడిచిపెట్టుకుపోయింది. కూలీలు దొరకక కూలి పెరిగింది. 1351 నాటి శ్రామికుల చట్టం ఆగస్టు మొదటి వారంలో కోతకూలిని రోజుకు రెండు పెన్నీలుగా, రెండో వారంలో మూడు పెన్నీలుగా కట్టడి చేసింది. 1381లో పదిహేనేళ్ళు నిండిన వారందరిపై తలకు పన్నెండు పెన్నీల పన్ను పడింది. చట్టం లెక్క ప్రకారం అది నాలుగు నుంచి ఆరు రోజుల కోతకూలి.

ఆ ఏడాది మే చివర ఎసెక్సులో మొదలైన తిరుగుబాటు జూన్ మధ్యకు సెయింట్ ఆల్బన్స్ చేరింది. విలియం గ్రిండ్‌కాబ్ నాయకత్వంలో పట్టణవాసులు మఠపు దస్తావేజులను బయటికి తెప్పించి తగలబెట్టారు. వేటహక్కు తమదని చాటడానికి బతికిన కుందేలును పట్టి, బహిరంగ శిక్షాస్తంభానికి కట్టారు. సమావేశపు గదిలోని రాళ్ళను పెకలించి, ముక్కలుచేసి, ఆదివారాలు పారిష్ చర్చిలో పంచే దీవించిన రొట్టెలా తలా ఒక ముక్క పంచుకొన్నారు. ఈ పోలిక తిరుగుబాటుదారులది కాదు. ఆ మఠంలోని సన్న్యాసి, చరిత్రరచయిత థామస్ వాల్సింగమ్‌ది. వారిని ద్వేషించిన కలం వారి చర్యలోని గాంభీర్యాన్ని దాచలేకపోయింది.

పదహారో వంతు సుంకం సంసారాలు కూల్చేంత భారం కాదు. విరిగిన రాతితో విసరడం ఎలాగూ కుదరదు. కనుక ఇక్కడ ఆర్థిక ప్రయోజనమొక్కటే వివరణ కాజాలదు. తన గింజను తన ఇంట విసురుకోగలగడం స్వతంత్రుని లక్షణమని వారు భావించారు. మఠాధిపతి కూడా సరిగ్గా అలాగే భావించాడు.

తరువాత

రెండో రిచర్డు మైల్ ఎండ్‌లో ఇచ్చిన విముక్తి వాగ్దానాన్ని జూలై 2న రద్దుచేశాడు. జూలై 15న సెయింట్ ఆల్బన్స్‌లో గ్రిండ్‌కాబ్‌ను, మతబోధకుడు జాన్ బాల్‌ను ఉరితీశారు. మిల్లు మళ్ళీ మఠానిదే అయింది. కాని కూలీల కొరత తీరలేదు. పదిహేనో శతాబ్దంలో విలెన్ కమతాలు చట్టంతో పనిలేకుండానే నగదు శిస్తుకు మారిపోయాయి. కోర్టు చుట్టలోని నమోదుకు నకలు పొంది దానిని రైతు తన హక్కుపత్రంగా దాచుకొనే ‘కాపీహోల్డు’ పద్ధతి స్థిరపడింది. తాతలు మంటల్లో వేసిన కాగితమే మనుమలకు భూమిపై హామీ అయింది. ఆ పద్ధతి 1926 జనవరి వరకు ఇంగ్లండు చట్టంలో కొనసాగింది.

మఠం 1539లో మూతపడింది. 1553లో సెయింట్ ఆల్బన్స్‌కు స్వయంపాలన పత్రం లభించింది. అదే ఏడాది పట్టణవాసులు మఠపు చర్చిని నాలుగు వందల పౌండ్లకు కొనుక్కొని, తమ పారిష్ చర్చిగా చేసుకొన్నారు.