వంత పాడేవారు ఉన్నంత కాలం

మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుండి మలయాకు కొబ్బరి తోట పనికి వచ్చారు. నాన్నగారు ఆ తోట ఇళ్ళ మధ్య విని తెలుగు నేర్చుకున్నారు. మూడవ తరం వాడినైన నేను సాయంకాలపు తరగతిలో అక్షరాలు దిద్ది నేర్చుకున్నాను. ఒకసారి ఆంధ్ర నుండి వచ్చిన ఒక పెద్దమనిషి నా మాట విని, "మాస్టారూ, మీది బడి తెలుగు" అని నవ్వారు. అప్పటి నుండి నలుగురిలో నోరు విప్పాలంటే నాకు బెరుకు. ఆ బెరుకును తగ్గించిన ఒక గ్రామఫోను రికార్డు చరిత్రను పాఠకులకు మనవి చేస్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కౌలాలంపూరులోని ఒక పాత రికార్డుల కొట్టులో దానిని కొన్నాను. చిన్ననాడు పి. రామ్లీ సినిమా పాటలలో చాచా, మాంబో లయలు విన్నవాళ్ళం గనుక ఆ తాళం కొత్త అనిపించలేదు. అది ఫానియా ఆల్ స్టార్స్ బృందం న్యూయార్కులోని చీటా నృత్యశాలలో 1971 ఆగస్టు 26న, జనం ఎదుట చేసిన కచేరీ.

ఫానియా సంస్థను 1964లో జానీ పచేకో, జెర్రీ మసూచీ అనే ఇద్దరు ప్రారంభించారు. పచేకో డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి, చిన్నతనంలోనే న్యూయార్కు చేరిన వేణు విద్వాంసుడు. మసూచీ న్యాయవాది. తొలి రోజులలో రికార్డులను కారులో పెట్టుకుని కొట్టు కొట్టుకూ తిరిగి అమ్మారు. కాని రికార్డు అచ్చయితే చాలదు, అది జనం చెవిన పడాలి. ఆ పని రేడియోలో రికార్డులు వేసే డిస్క్ జాకీలు చేశారు. వారిలో సింఫనీ సిడ్ అనే ఆయన పేరుపొందినవారు. 1968లో రెడ్ గార్టర్ అనే చోట ఈ బృందం మొదటి కచేరీ చేసినప్పుడు, వేదిక మీద నిలిచి కళాకారులను సభకు పరిచయం చేసింది ఆయనే. పాట వినిపించేవాడూ, పాడేవాడూ ఆనాడు ఒకే వేదిక ఎక్కారు.

మూడేళ్ళ తరువాత చీటాలో జరిగిన కచేరీని లియాన్ గాస్ట్ చిత్రీకరించగా, ఆ సినిమా 1972లో విడుదలయింది. క్యూబా, ప్వెర్టోరికో లయలు న్యూయార్కు జాజ్‌తో కలిసిన ఈ సంగీతం సాల్సా అనే పేరుతో లోకమంతా తిరిగింది.

దీని నడక మనకు తెలియనిది కాదు. ముఖ్య గాయకుడు అప్పటికప్పుడు ఒక చరణం కట్టి పాడతాడు. తక్కినవారు ఒకే పల్లవిని వంత పాడతారు. మన బుర్రకథలో కథకుడికి వంతలు ఉన్నట్టే. "కీతాతే తూ" అనే పాట పేరుకు "నువ్వు తప్పుకో" అని అర్థం. చియో ఫెలిసియానో, హెక్టర్ లావో, ఇస్మాయెల్ మిరాండా మొదలైనవారు ఒకరి తరువాత ఒకరు ముందుకు వచ్చి, 16 నిమిషాలకు పైగా పాడారు. తప్పుకున్న వాడు ఇంటికి పోలేదు, వంతలో కలిశాడు.

ఇంతకీ వాయించినది ఎవరు? కాంగా డోలు వాయించిన రే బరెట్టో, ట్రాంబోన్ ఊదిన విల్లీ కొలోన్ న్యూయార్కులోనే పుట్టినవారు. పియానో వాయించిన లారీ హార్లో బ్రూక్లిన్‌లో పుట్టిన యూదుడు. ఈ సంగీతం ఆయన తాత ముత్తాతలది కాదు. 1950లలో క్యూబా వెళ్ళి నేర్చుకున్నాడు. ఆ సంగీతం పుట్టింట పెరిగినవారే ఆయనకు "అద్భుత యూదుడు" అని బిరుదు ఇచ్చారు. ఈ సంగతి చదివిన రోజున నా బడి తెలుగు గుర్తుకు వచ్చి కొంచెం తల ఎత్తుకున్నాను. పచేకో, హార్లో ఇద్దరూ 2021లో కన్నుమూశారు.

ఈ సంవత్సరం మా సాయంకాలపు తరగతిలో పదకొండు మంది పిల్లలు ఉన్నారు. ఉత్సవంలో ఒక చిన్న బుర్రకథ చెబుతున్నారు. రెండవ వంత నేనే. నా యాస విని నవ్వు వస్తే నవ్వండి. నవ్వడం అయ్యాక మాతోపాటు మీరూ "తందాన తాన" అనండి.