దుగరాజపట్నము – శ్రీహరికోట

పాత నెల్లూరు తీరమున, పులికాటు సరస్సునకు ఉత్తరపు కొసను దుగరాజపట్నము కలదు. 1626లో ఈస్టిండియా కంపెనీవారు ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. తోడ్పడిన ఆరుముగ మొదలియారు పేరనే దీనిని ‘ఆర్మగాన్’ అనిరందురు. కోట కట్టి 12 ఫిరంగులు నిలిపిరి. కాని కోరిన వస్త్రములు చాలినంత దొరకలేదు. ఇచ్చటి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల నాయకులనుండి చెన్నపట్టణపు నేలకు అనుమతి పొందెను. మరుసటి యేడు వర్తకులు తరలిపోయిరి.

దక్షిణమున, సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి. 1971 అక్టోబరు 9న అచ్చటినుండి తొలి రాకెట్టు ఎగసినది. సూళ్లూరుపేటనుండి సరస్సుమీది బాటను పోవుచు, నీటిలో నిలిచిన రాజహంసలను చూచితిమి.

ఆకాశమున కెగసిన దీవిని అందరెరుగుదురు. మహానగరమును కని మరుగుపడిన రేవు నెరిగినవారెందరు? చెన్నపట్టణము పోవు శ్రోతలు ఒక్కపూట ఇచ్చట ఆగవలెనని మా కోరిక.