మోర్గాన్ స్పోర్ట్స్ కారు

మోర్గాన్ కారు ఇంగ్లాండులోని ఊస్టర్‌షైర్ ప్రాంతానికి చెందిన మాల్వెర్న్ పట్టణంలో, మోర్గాన్ మోటార్ కంపెనీ అధికభాగం చేతిపనితో తయారుచేసే స్పోర్ట్స్ కారు. పొడవైన బానెట్, కారు దేహం నుండి విడిగా వంపు తిరిగిన మడ్‌గార్డులు, గుండ్రని దీపాలు, పక్కన ఫుట్‌బోర్డు, సాధారణంగా ఇద్దరికి మాత్రమే చోటుండే, గట్టి పైకప్పు లేని ఇరుకైన కూర్చునే స్థలం దీని ప్రధాన లక్షణాలు. 1930లలో బ్రిటన్‌లో తయారైన స్పోర్ట్స్ కార్లు అనేకం ఇదే రూపంలో ఉండేవి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇతర సంస్థలు ఒక్కొక్కటిగా ఆ రూపాన్ని విడిచిపెట్టగా, మోర్గాన్ మాత్రం నేటికీ కొనసాగిస్తున్నది. కనుక పాత కార్ల సేకర్తల వలె శిథిలమైన వాహనాన్ని వెదికి బాగుచేయించుకోనక్కరలేకుండా, పాత రూపంలోని కారును కొత్తగానే కొనుక్కునే వీలు దీనివల్ల కలుగుతున్నది. సంస్థ మార్పును ఇష్టపడకపోవడం వల్లనే ఈ రూపం నిలిచిందని సాధారణంగా భావిస్తారు. కాని సంస్థ మార్చబోయినపుడు కొనుగోలుదారులే అంగీకరించలేదని దీని చరిత్ర తెలుపుతుంది.

మూడు చక్రాల ప్రారంభం

సంస్థ స్థాపకుడు హెన్రీ ఫ్రెడరిక్ స్టాన్లీ మోర్గాన్ (1881-1959) ఒక క్రైస్తవ మతాచార్యుని కుమారుడు. స్విండన్‌లోని గ్రేట్ వెస్టర్న్ రైల్వే కర్మాగారంలో పని నేర్చుకొని, తరువాత మాల్వెర్న్ లింక్‌లో మోటారు గ్యారేజి నడిపాడు. 1909లో ప్యూజో సంస్థ వారి జంట సిలిండర్ల ఇంజనుతో ఒక మూడు చక్రాల బండిని తన కోసం తయారుచేసుకున్నాడు. దీని నిర్మాణంలో మాల్వెర్న్ కళాశాలలో ఇంజనీరింగు బోధించే స్టీఫెన్‌సన్-పీచ్ అనే ఉపాధ్యాయుడు సహాయపడ్డాడు. ఒక బడి వర్క్‌షాపు ఒక కార్ల సంస్థకు పుట్టినిల్లు కావడం విశేషం. ఈ బండి 1910లో లండన్‌లోని ఒలింపియా ప్రదర్శనలో ప్రజల ముందుకు వచ్చింది. బరువు తక్కువ, ధర తక్కువ, వేగం ఎక్కువ కావడంతో మోర్గాన్ మూడు చక్రాల బండ్లు పందేలలోను, సామాన్య కుటుంబాలలోను పేరు తెచ్చుకున్నాయి. నాలుగు చక్రాల చిన్న కార్లు చౌకగా లభించడం మొదలైన తరువాత వీటికి గిరాకీ తగ్గింది. 1952లో వీటి ఉత్పత్తి ఆగిపోయింది.

నాలుగు చక్రాల కారు

1936లో సంస్థ మొదటి నాలుగు చక్రాల కారును విడుదల చేసింది. దీనికి 4/4 అని పేరు. మొదటి అంకె చక్రాలను, రెండవది సిలిండర్లను సూచిస్తుంది. కొన్ని విరామాలతో ఈ పేరు 2010ల చివరి వరకు కొనసాగింది.

మోర్గాన్ ఇంజన్లను ఎక్కువగా ఇతర సంస్థల నుండి కొని వాడుతుంది. తొలి 4/4 కారులో కొవెంట్రీ క్లైమాక్స్ ఇంజను, 1950లో వచ్చిన ప్లస్ 4 లో స్టాండర్డ్ వాన్‌గార్డ్ ఇంజను, 1955 నాటి రెండవ శ్రేణి 4/4 లో ఫోర్డ్ ఇంజను, 1968 నుండి 2004 వరకు తయారైన ప్లస్ 8 లో రోవర్ వారి ఎనిమిది సిలిండర్ల ఇంజను అమర్చారు. అంటే బయటి రూపం స్థిరంగా ఉన్నా, లోపలి యంత్రం ఎప్పటికప్పుడు మారుతూనే వచ్చింది. అయితే రూపం కూడా పూర్తిగా మారలేదనడం సరికాదు. 1953-54 కాలంలో నిటారుగా ఉండే బల్లపరుపు రేడియేటరు పోయి, వంపు తిరిగిన జాలీ వచ్చింది. నేడు 'అసలైన మోర్గాన్ ముఖం'గా అభిమానులు భావించేది ఈ రెండవదే.

1950 ప్రాంతంలో స్టాండర్డ్ సంస్థ అధిపతి సర్ జాన్ బ్లాక్ మోర్గాన్‌ను కొనివేయాలని ప్రయత్నించగా మోర్గాన్ కుటుంబం అంగీకరించలేదు. దానితో స్టాండర్డ్ సంస్థ తన ట్రయంఫ్ పేరుమీద స్వంతంగా స్పోర్ట్స్ కార్లు తయారుచేసింది. ఆ ట్రయంఫ్ కార్ల ఇంజనునే కొద్దికాలానికి మోర్గాన్ కొనుగోలు చేసి తన కారులో వాడుకుంది. ట్రయంఫ్ స్పోర్ట్స్ కార్ల ఉత్పత్తి 1981లో ముగిసింది. మరొక ప్రసిద్ధ సంస్థ ఎం.జి.కి చెందిన అబింగ్డన్ కర్మాగారం 1980లో మూతపడింది.

పందేలలో చెప్పుకోదగిన విజయం 1962లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో లభించింది. క్రిస్ లారెన్స్, రిచర్డ్ షెపర్డ్-బారన్ నడిపిన ప్లస్ 4 సూపర్ స్పోర్ట్స్ కారు రెండు లీటర్ల తరగతిలో ప్రథమ స్థానం పొందింది. అంతకు ముందు సంవత్సరం ఇదే కారు మరీ పాతకాలపుదిగా కనిపించిందని తనిఖీ అధికారులు పందెంలోకి అనుమతించలేదని అభిమానులు చెప్పుకుంటారు.

నిర్మాణం

మోర్గాన్ కారు చాసిస్ కలపతో చేస్తారన్న అపోహ ఇంగ్లాండులో సైతం ప్రచారంలో ఉంది. ఇది నిజం కాదు. సంప్రదాయ మోర్గాన్ చాసిస్ ఉక్కుతో చేసిన నిచ్చెన ఆకారపు చట్రం. దానిపై కారు దేహానికి ఆధారమైన అస్థిపంజరాన్ని మాత్రమే యాష్ అనే చెట్టు కలపతో చేస్తారు. గట్టిదనంతో పాటు సాగే గుణం, దెబ్బను ఓర్చుకునే గుణం ఉన్న కలప ఇది. క్రికెట్ స్టంపులు చేసేదీ దీనితోనే. వెనుక చక్రాల పైభాగంలో వచ్చే వంపు కోసం పలుచని కలప పట్టీలను జిగురుతో ఒకదానిపై ఒకటి అతికించి, అచ్చులో బిగించి ఉంచుతారు. ఈ అస్థిపంజరం పైన ఉక్కు లేదా అల్యూమినియం రేకులను పనివారు చేతితో సరిచేస్తూ తొడుగుతారు. వడ్రంగి, రేకుపనివాడు, తోలు కుట్టేవాడు ముగ్గురూ కలిసి చేసే పని కనుక, ఒకే నమూనాకు చెందిన రెండు కార్లలో కూడా సూక్ష్మమైన తేడాలుంటాయి. మాల్వెర్న్ లింక్‌లోని పికర్స్‌లీ రోడ్డులో వాలుపై వరుసగా కట్టిన ఇటుక షెడ్లలో ఈ పని జరుగుతుంది. చూడవచ్చే సందర్శకులకు కర్మాగారంలో ప్రవేశం ఉంది. తమ కారు తయారవుతుండగా వచ్చి చూసుకునే కొనుగోలుదారులూ ఉన్నారు.

ముందు చక్రాల సస్పెన్షను మొదటి మూడు చక్రాల బండి నాటిది. నిలువు స్తంభం మీద చక్రపు ఇరుసు, స్ప్రింగుతో పాటు పైకి కిందికి జారుతుంది. వెనుక వైపు లారీలకు ఉన్నట్లు కమాను పట్టీలుంటాయి. జారే స్తంభానికి నూనె అందకపోతే త్వరగా అరిగిపోతుంది. అందువల్ల పాత కార్లలో డ్రైవరు కాలితో నొక్కితే ఇంజను నూనె స్తంభాలకు చేరే ఏర్పాటు ఉండేది.

సొంతదారుల అనుభవం

సౌకర్యం దృష్ట్యా చూస్తే సంప్రదాయ మోర్గాన్‌ను సమర్థించడం కష్టం. గతుకుల రోడ్డుపై ప్రతి కుదుపు నడుముకు తెలుస్తుంది. కిటికీ అద్దాలకు బదులు తగిలించి తీసివేసే పక్క తెరలు, గుడ్డ టాపు ఉంటాయి. వర్షం వస్తే టాపు బిగించేలోగా తడవక తప్పదు. సామానుకు చోటు బహుస్వల్పం. పాత కార్లలో రేకుల కింద తేమ చేరి కలప పుచ్చిపోయేది. అది బయటికి కనబడదు గనుక, వాడిన మోర్గాన్ కొనేవారు ముందుగా తలుపులు సరిగా పడుతున్నవో లేదో చూస్తారు. తలుపు కిందికి దిగితే లోపలి చట్రం చెడినట్లే అనుమానిస్తారు.

అయినా దీనిని కోరుకునేవారు ఈ లోపాలను తెలిసే కొంటారు. డ్రైవరు దాదాపు వెనుక ఇరుసు మీద, నేలకు అతి సమీపంలో కూర్చుంటాడు. పొడవైన బానెట్ మీదుగా ముందు మడ్‌గార్డుల కదలిక కంటికి కనిపిస్తుంది. రోడ్డు వెంట గాలి, ఇంజను చప్పుడు, చెట్ల వాసన నేరుగా తగులుతాయి. అందువల్ల సాధారణ వేగంలోనే ఎంతో వేగంగా పోతున్న భావన కలుగుతుంది. కారు తేలికైనది కావడం వల్ల ఆ భావన పూర్తిగా భ్రమ కూడా కాదు. మరమ్మతుకు వీలైన సాదా నిర్మాణం మరొక కారణం. చట్రంలో పుచ్చిన భాగాన్ని తొలగించి కొత్త కలప ముక్క అతికించవచ్చు, రేకును విప్పి మార్చవచ్చు. దశాబ్దాల నాటి మోర్గాన్ కార్లు తండ్రి నుండి బిడ్డలకు సంక్రమించి నేటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయంటే ఇదే కారణం.

ఆధునికీకరణ ప్రయత్నం

స్థాపకుని కుమారుడు పీటర్ మోర్గాన్ 1963లో ప్లస్ 4 ప్లస్ అనే కారును ప్రదర్శించాడు. చాసిస్ పాతదే, దేహం మాత్రం ఫైబర్‌గ్లాసుతో చేసిన నునుపైన, పైకప్పు మూసిన ఆధునిక రూపం. కలప లేదు, విడి మడ్‌గార్డులు లేవు. వర్షం బాధ కూడా చాలావరకు తీరింది. సంస్థ పాతబడిపోయిందన్న విమర్శకు ఇది సమాధానమనుకున్నారు. కాని పాత అభిమానులు దీనిని మోర్గాన్‌గా గుర్తించలేదు, కొత్తదనం కోరేవారు వేరే సంస్థల కార్ల వైపు వెళ్ళారు. 1967 వరకు తయారైనవి 26 మాత్రమే. సంస్థ మళ్ళీ పాత రూపానికే కట్టుబడింది. అమ్ముడుపోని ఆ 26 కార్ల రకమే నేడు అరుదైనదిగా సేకర్తల ఆదరణ పొందుతున్నది.

1970లలో అమెరికా ఉద్గార నిబంధనలు కఠినం కావడంతో మోర్గాన్‌ను అక్కడ అమ్మడం కష్టమైంది. అప్పుడు అక్కడి దిగుమతిదారు ఒకరు కార్లను పెట్రోలు బదులు ప్రొపేన్ వాయువుతో నడిచేలా మార్చి అమ్మారు.

నిరీక్షణ జాబితా

ఏటా కొన్ని వందల కార్లు మాత్రమే తయారవుతుండగా కోరేవారు అంతకు మించి ఉండడంతో, 1980లలో మోర్గాన్ కోసం ఐదేళ్లకు పైగా వేచి ఉండవలసి వచ్చేది. 1990లో బి.బి.సి. ప్రసారం చేసిన 'ట్రబుల్‌షూటర్' కార్యక్రమంలో, ఐ.సి.ఐ. సంస్థ పూర్వ అధ్యక్షుడు సర్ జాన్ హార్వే-జోన్స్ ఈ కర్మాగారాన్ని పరిశీలించి, ఉత్పత్తిని, ధరను పెంచి జాబితాను తగ్గించాలని సూచించాడు. మోర్గాన్ కుటుంబం ఈ సలహాను తిరస్కరించింది. గిరాకీ ఒక్కసారిగా పడిపోతే ఆదుకునేది ఆ జాబితాయే అన్నది వారి అభిప్రాయం. ఎవరిది సరైన లెక్క అన్నదానిపై వాణిజ్యశాస్త్ర విద్యార్థులు చాలాకాలం చర్చించారు. కార్యక్రమం ప్రసారమైన తరువాత మోర్గాన్‌కు ప్రజలలో సానుభూతి పెరిగింది. పనితీరులో కొన్ని మార్పులను సంస్థ తరువాత నెమ్మదిగా చేసుకున్నది.

ఇటీవలి మార్పులు

2000లో విడుదలైన ఏరో 8 కారులో అల్యూమినియం చాసిస్, బి.ఎం.డబ్ల్యు. ఇంజను వచ్చాయి. కలప చట్రం మాత్రం అలాగే ఉంది. దాని దీపాలు మెల్లకన్నులా ఉన్నాయని విమర్శ రాగా తరువాత మార్చారు. 2019లో ఇన్వెస్టిండస్ట్రియల్ అనే ఇటలీ మూలాలున్న పెట్టుబడి సంస్థ మోర్గాన్‌లో అధిక వాటాను కొన్నది. మోర్గాన్ కుటుంబం స్వల్ప వాటా ఉంచుకున్నది. అదే సంవత్సరం ప్లస్ సిక్స్, 2020లో ప్లస్ ఫోర్ కార్లు జిగురుతో అతికించిన కొత్త అల్యూమినియం చాసిస్‌పై వచ్చాయి. దీనితో 1936 నుండి వచ్చిన ఉక్కు చాసిస్, జారే స్తంభాల సస్పెన్షను గల నాలుగు చక్రాల కార్లు 2020లో ఆగిపోయాయి. ప్లస్ ఫోర్‌లో ఆటోమాటిక్ గేరు కూడా లభిస్తుంది. యాష్ కలప చట్రం, విడి మడ్‌గార్డులు, గుండ్రని దీపాలు మాత్రం దానిలోనూ ఉన్నాయి.