మంచం పక్కన మూడో మనిషి: విజయవాడ వృద్ధుల ఇళ్ళు, లెక్కలోకి రాని రాత్రి పని

కృష్ణా డెల్టా వృద్ధుల గురించి మన రచనల్లో తరచుగా కనిపించేది ఇద్దరే: ఇక్కడ మిగిలిపోయిన తల్లిదండ్రులు, అమెరికాలో స్థిరపడిన పిల్లలు. నిజానికి ఆ ఇల్లు నడుస్తున్నది మూడో మనిషి వల్ల. ఏజెన్సీ ద్వారా వచ్చి, పెద్దావిడ మంచం పక్కనే చాప పరుచుకుని, నెలల తరబడి అక్కడే ఉండిపోయే స్త్రీ ఆమె. ఇంట్లోవాళ్ళు ఆమెను ఆయా అంటారు, కేర్‌టేకర్ అంటారు. ఏజెన్సీ మాటల్లో అది ‘ఇరవై నాలుగు గంటల డ్యూటీ’. ముసలివాళ్ళు సొంత ఇంట్లో ఉండగలగడం ప్రధానంగా ఆమె రాత్రి మెలకువ మీద ఆధారపడి ఉంది. మన చట్టాలకు కనబడనిది సరిగ్గా ఆ రాత్రే. ఇదీ ఈ వ్యాసం వాదన.

ఈ పరిస్థితి వెనక నూట డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉంది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక మాగాణి పండింది, మిగులు చేతికొచ్చింది. ఆ మిగులు పట్నంలో వ్యాపారంగా, చదువుగా మారిన తీరును పరిశోధకురాలు కేరల్ ఉపాధ్య 1988 నాటి తన వ్యాసంలో విశ్లేషించారు. అమెరికా 1965లో వలస చట్టం సడలించాక డాక్టర్లు వెళ్ళారు, తర్వాత ఇంజినీర్లు వెళ్ళారు. కానూరులో సిద్ధార్థ ఇంజినీరింగ్ కళాశాల 1977లో వచ్చింది, నగరంలో సిద్ధార్థ వైద్య కళాశాల 1980లో. ఇటు కాన్పులు తగ్గాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతాన సాఫల్య రేటు 1.7. ఒక్కడే కొడుకు, వాడూ డాలస్‌లో అన్నది ఉయ్యూరు, పామర్రు వైపు వింత కాదు.

అయితే ఉమ్మడి కుటుంబం పోయింది కాబట్టే ఈ అవస్థ అని విచారించేవాళ్ళతో నేను ఏకీభవించలేను. ఉమ్మడి కుటుంబం ఎవరి చేత సేవ చేయించింది? కోడలి చేత, చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి చేరిన మేనత్త చేత. వాళ్ళ రాత్రులకూ ఎవరూ లెక్క కట్టలేదు. ఇప్పుడు జీతం వచ్చింది, లెక్క మాత్రం రాలేదు.

ఆ రాత్రి పని ఏమిటో చూడాలి. మంచాన పడ్డ మనిషికి వీపున పుళ్ళు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నర్సులు చెబుతారు. పది గంటలకు పడుకోబెడితే పన్నెండుకు, రెండుకు, నాలుగుకు లేవాలి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు చీకటి పడేకొద్దీ కంగారుపడతారు, తలుపు గడియ తీస్తారు, ఎప్పుడో పోయిన తమ్ముడి కోసం వెతుకుతారు. నడవగలిగిన వాళ్ళతో భయం ఇంకో రకం. మంచానికీ బాత్‌రూమ్‌కీ మధ్య నాలుగడుగుల్లో జారిపడి తుంటి ఎముక విరిగితే ఇంట్లో ఉండే రోజులు దాదాపు ముగిసినట్టే. పల్లెలో పాత ఇళ్ళకు బాత్‌రూమ్ పెరట్లో ఉంటుంది, మధ్యలో రెండు గడపలు. ఆ గడపల దగ్గర పట్టుకునే చెయ్యి పగటి జీతంలో కలిసిపోయింది. ఒళ్ళు తుడిచే ఆ చెయ్యి వంటగదిలోకి రావచ్చా లేదా అన్నది కులాన్ని బట్టి తేలే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయని ఇక్కడే చెప్పాలి.

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. తిండి, బట్ట, నివాసం, వైద్యాన్ని పోషణగా నిర్వచించి, నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. విదేశాల్లో ఉన్న పిల్లలకు సమన్లు ఎలా పంపాలో కూడా ఆలోచించింది. ప్రతి జిల్లాలో నిరుపేద వృద్ధులకు ప్రభుత్వం ఆశ్రమం పెట్టవచ్చంది. పిల్లల బాధ్యత, ఆశ్రమం, ఈ రెండింటి నడుమ ఉన్న ఇంటి సంరక్షణ అందులో లేదు. ఇంటి దగ్గర సేవలందించే సంస్థలకు రిజిస్ట్రేషన్ ఉండాలన్న సవరణ బిల్లు 2019లో లోక్‌సభ ముందుకు వచ్చింది కానీ చట్టం కాలేదు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం మాత్రం నివాస గృహం కూడా పనిస్థలమేనని స్పష్టంగా రాసింది. ఆ ఒక్క గుర్తింపును పని గంటల దాకా తీసుకురాలేమా?

ఇంటిపనికి గంటలు రాసిన చట్టం పరాయి దేశంలో ఉంది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి స్త్రీలు ఇంటిపనికి కువైట్ వెళ్తారు. అలా వెళ్ళే స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండాలి. చదువు తక్కువైన వాళ్ళను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నిబంధన 2016 నుంచి ఉంది. కువైట్ 2015లో చేసిన గృహ కార్మిక చట్టం పని గంటలను రోజుకు 12కు పరిమితం చేసి, వారానికో సెలవు ఇమ్మంది. అమలు బలహీనమే. అక్కడి మన రాయబార కార్యాలయం ఆశ్రయ గృహం నడపవలసి రావడమే అందుకు సాక్ష్యం. అయినా అడగడానికి ఒక కాగితం ఉంది. అదే స్త్రీ అవనిగడ్డలో బస్సెక్కి విజయవాడ పటమటలో దిగితే ఆ పాటి కాగితమూ లేదు. గృహ కార్మికులకు ప్రత్యేక చట్టం లేని ఖాళీని సుప్రీంకోర్టు 2025 జనవరిలో ఎత్తిచూపి, కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది.

రాత్రి మెలకువ కూడా పని గంటలేనా అన్న ప్రశ్న జర్మనీలో సూటిగా కోర్టుకెక్కింది. బెర్లిన్‌లో తొంభై దాటిన ఒక వృద్ధురాలికి బల్గేరియా స్త్రీ ఇంట్లోనే ఉండి సేవ చేసింది. ఒప్పందంలో వారానికి 30 గంటలని రాశారు. పిలుపు కోసం సిద్ధంగా ఉన్న సమయానికీ కనీస వేతనం చెల్లించాలని 2021 జూన్ 24న అక్కడి ఫెడరల్ లేబర్ కోర్టు తీర్పిచ్చింది. తీర్పు న్యాయమైనదే. కానీ ఆ డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్న వెంటనే వచ్చింది, 1995 నుంచే సంరక్షణ బీమా ఉన్న దేశంలో కూడా.

ఇక్కడ ఆ ప్రశ్న ఇంకా కఠినం. డాలర్లు అందే ఇల్లు ఇద్దరు మనుషులను పెట్టుకుని పగలూ రాత్రీ పంచగలదు, అలా చెయ్యాలి కూడా. పిల్లలు బందరులో చిరుద్యోగులైన విశ్రాంత ఉపాధ్యాయుడు అలా చెయ్యలేడు. రాష్ట్రం 2024 జులై నుంచి వృద్ధులకు 4,000, పూర్తిగా మంచానికే పరిమితమైన దివ్యాంగులకు 15,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఆ రెండో మొత్తం వెనక, మంచాన పడ్డ మనిషి పక్కన ఇంకో మనిషి కావాలన్న ఎరుక ఉందని నేననుకుంటాను. కాకపోతే అది వైకల్యం కొలతకు కట్టిన డబ్బు, సంరక్షణ అవసరానికి కట్టింది కాదు. కేరళ 2008 నాటి పాలియేటివ్ (ఉపశమన సంరక్షణ) విధానంతో పంచాయతీ నర్సును ఇంటికి పంపింది, ఆ నర్సు కూడా సాయంత్రానికి వెళ్ళిపోతుంది. రాత్రికి వేరే ఏర్పాటు కావాలి. నెల మొదట్లో పింఛనుతో తలుపు తట్టే గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది ఆ ఇంట్లో పడుకునే ఆయా పేరు, జీతం, సెలవు దినం కూడా రాసుకోవచ్చు. వారానికి రెండు రాత్రులు ఆమె బదులు వచ్చే శిక్షణ పొందిన మనిషికి జీతం ప్రభుత్వం భరించవచ్చు. పింఛను తప్ప వేరే ఆదాయం లేని ఇళ్ళతో దీన్ని మొదలుపెట్టాలి.