వీల్ జేన్‌లో పంపులు ఆపాక

1992 జనవరి 13. మన ఊళ్లలో సంక్రాంతి హడావుడి. ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్‌లో మాత్రం మూతపడిన వీల్ జేన్ తగరపు గని నిండా నీరు. కొండవాలులో నాంగైల్స్ అనే పాత ఆడిట్ ఉంది. గనిలో ఊరే నీరు తనంతట తానే వాగులోకి పారేలా కొండ అడుగున తవ్విన సొరంగాన్ని ఆడిట్ అంటారు. దానికి బిరడా బిగించి ఉంది. ఆ రోజు ఆ బిరడా తన్నుకుపోయింది.

దాదాపు 5 కోట్ల లీటర్ల ఆమ్లజలం కార్నన్ నదిలో పడింది. నది, దిగువన రెస్ట్రాంగెట్ క్రీక్, ఆపైన ఫాల్ నది సముద్రంలో కలిసే విశాలమైన పాయ నారింజ రంగుకు తిరిగాయి. ఇప్పటికీ ఇంజిన్ వాడకుండా తెరచాపలతో, తెడ్లతోనే ఆల్చిప్పలు పట్టే నీళ్లవి. లీటరు నీటిలో కాడ్మియం 1 మైక్రోగ్రాము దాటకూడదన్నది అప్పటి పరిమితి. కార్నన్‌లో అది 600 దాటింది.

ఇదంతా ఒక్క రోజులో వచ్చిపడింది కాదు. 1985లో తగరం ధర కుప్పకూలింది. అయిదారేళ్లు ఈడ్చి 1991 మార్చిలో గని మూసేసి పంపులు ఆపారు. మన సింగరేణిలో గనిని బాయి అంటారు. పంపు ఆగిన గని నిజంగానే బాయి అవుతుంది, ఊట నీటితో అడుగు నుంచి నిండుతూ వస్తుంది.

ఆ నీరు మామూలు నీరు కాదు. అక్కడి బండలో ఇనుమూ గంధకమూ కలిసిన పైరైటు ఉంది. తవ్వకాలు సాగినన్నాళ్లూ గాలీ తేమా తగిలి, గోడల మీద ఆమ్ల లవణాలు పేరుకుపోతాయి. నీరు పెరుగుతూ వాటన్నింటినీ కడిగేస్తుంది. అందుకే తొలిసారి పొంగే నీటిలోనే విషం ఎక్కువ. అలాంటి నీరు గ్లాసులో పడితే ఒక్కోసారి తేటగానే ఉంటుంది. తగినంత సున్నపు తేట పోసి, కాసేపు గాలి తగలనివ్వండి. విరిగిన పాలలా ముద్దలు కట్టి, తుప్పు రంగు బురద అడుగుకు దిగుతుంది. సున్నంతో శుద్ధి చేయడమంటే ఇదే. కార్నన్‌కు రంగు పట్టించిందీ ఆ ఇనుమే.

1991 నవంబరులో నీరు బయటికి రానే వచ్చింది. దాన్ని ఎత్తి, సున్నం కలిపి, గని వ్యర్థాల చెరువుకు పంపారు. జనవరి 4న ఆ పని ఆగింది. తొమ్మిది రోజులు నీరు లోపలే పెరిగింది. ఈ తొమ్మిది రోజుల దగ్గరే నా మనసు ఆగిపోతుంది. లోపల నీటిమట్టం 10 మీటర్లు పెరిగితే బిరడా మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ కిలో బరువు అదనంగా పడుతుంది. గని నడిచినప్పుడు పంపులు రోజుకెంత తోడాయి, ఖాళీ ఎంత, ఏ ఆడిట్ ఏ ఎత్తులో ఉంది, వానాకాలంలో ఊట ఎంత పెరుగుతుంది – ఈ లెక్కలన్నీ పంపు ఆపకముందే తేలాలి. కానీ అప్పట్లో వదిలేసిన గని నుంచి నీటిని కారనిచ్చినా యజమానిని పట్టుకునే వీల్లేకుండా చట్టంలో మినహాయింపు ఉండేది. 1995 పర్యావరణ చట్టం వచ్చాక మూతకు ఆరు నెలల ముందే నోటీసు తప్పనిసరైంది. 1999 తర్వాత వదిలేసిన గనులకు ఆ మినహాయింపు పోయింది.

నది ఎంత నష్టపోయిందో చెప్పడం ఇంకా కష్టమైంది. కార్నన్ శతాబ్దాలుగా గనుల నీరు మోస్తున్న నది. పోల్చి చూడటానికి శుభ్రమైన రోజంటూ దానికి లేదు. రెస్ట్రాంగెట్ బురదలో బతికే ఒకరకం పురుగులు రాగిని తట్టుకోవడం ఏనాడో నేర్చుకున్నాయి. వరద తర్వాత అక్కడ అనుకున్నంత ప్రాణినష్టం కనబడలేదంటే సంతోషించాలో, చావడానికి అప్పటికి మిగిలినవే తక్కువని బాధపడాలో నాకు తెలియదు.

1994లో రెల్లు మడుగులతో నీటిని శుద్ధిచేసే ప్రయోగం పెట్టారు. 2000లో సున్నంతో పనిచేసే శాశ్వత శుద్ధి కేంద్రం మొదలైంది. గని నీటిని పంపులతో ఎత్తి, సున్నం కలిపి, బురద తేరాక కార్నన్‌లోకి వదులుతారు. 1991లో ఆపేసిన తోడకం మళ్లీ నడుస్తోంది, ఈసారి తగరం కోసం కాదు.