నిజాం తపాలా బిళ్ళకెక్కిన ఓరుగల్లు తోరణం

వరంగల్: తెలంగాణ ప్రభుత్వం 2014లో స్వీకరించిన అధికార చిహ్నంలో కాకతీయ తోరణం, దాని నడుమ చార్మినార్ చోటుచేసుకున్న సంగతి తెలిసిందే. అయితే ఈ రెండు కట్టడాలూ అంతకు దశాబ్దాల ముందే నిజాం సంస్థానపు తపాలా బిళ్ళలకెక్కి ఉత్తరాల వెంట ఊరూరా తిరిగాయన్నది ఈ తరంలో చాలామంది ఎరుగని విషయం.

హైదరాబాద్ సంస్థానం 1869 నుంచే సొంత బిళ్ళలను వెలువరించింది. తొలుత వాటిపై అక్షరాలు, ముద్రలే ఉండేవి. 1931లో కట్టడాల బొమ్మలు వచ్చాయి. అణా బిళ్ళపై చార్మినార్, రెండణాలపై హైకోర్టు, నాలుగణాలపై ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాలపై నాడు సంస్థానంలోనే ఉన్న అజంతా గుహల ప్రవేశాన్ని ముద్రించారు. ఓరుగల్లు వంతు మాత్రం 1947లో గానీ రాలేదు. ఆ ఏడాది మూడణాల బిళ్ళపై కోటలోని తోరణం, ఆరణాల బిళ్ళపై గోల్కొండ కోట దర్శనమిచ్చాయి. వాటి సరసన హైదరాబాద్ విద్యుత్ కేంద్రానికీ ఒక బిళ్ళ దక్కడం విచిత్రమే!

కాకతీయుల కాలంనాటి స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపిన తోరణాలివి. ఆలయం నేలమట్టమైనా తోరణాలు నాలుగూ నేటికీ నిలిచే ఉన్నాయి.

స్వతంత్ర భారత తపాలా శాఖ 1949 ఆగస్టు 15న పురావస్తు సంపదపై 16 బిళ్ళలు విడుదల చేసింది. కోణార్క గుర్రం, సాంచీ స్తూపం, బుద్ధగయ, ఖజురహో ఆలయాలు, తాజ్‌మహల్ వాటిలో ఉన్నాయి. తెలుగునేలపై ఉన్న కట్టడం ఒక్కటైనా లేకపోవడం గమనార్హం. అణా బిళ్ళపై బోధిసత్త్వుని బొమ్మ కుడి ఎడమలు తారుమారై అచ్చయింది. 1950లో దానిని సరిదిద్ది మళ్ళీ ముద్రించారు. ఆ పొరపాటు బిళ్ళను సేకర్తలు నేటికీ వెతుకుతుంటారు.

నిజాం బిళ్ళల వాడకం 1950లో ముగిసింది. పాత ఇళ్ళ అటకలపై, దస్తావేజుల కట్టల్లో నాటి ఉత్తరాలు ఇంకా దొరికే అవకాశముంది. అలాంటివి కనబడితే చాలామంది బిళ్ళను నీళ్ళలో నానబెట్టి ఊడదీస్తుంటారు. అలా చేస్తే ఊరిపేరు, తేదీ తెలిపే తపాలా ముద్ర చెడిపోతుంది. కవరును యథాతథంగా, తేమ తగలకుండా దాచడమే మేలు.